అల్యూమినియంలో ఉక్కు దారం

మా ఆడపడుచు చేతులు చాలా చిన్నవి. గాజుల కొట్టుకి వెళ్తే ఆమెకి సరిపడే గాజులు చిన్నపిల్లల పెట్టెలో వెతకాల్సి వచ్చేది. ఆ చేతులతోనే ఆమె జెర్సీ సిటీలో ఒక ఆసుపత్రిలో ఎముకల ఆపరేషన్లు నేర్చుకుంటూ ఉండేది. ఎనభైల మొదట్లో మాట. మా ఆయన, నేను, ఆమె ఒకే ఇంటి పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఆయన రోజూ రైలెక్కి నది దాటి ఆఫీసుకి వెళ్ళొచ్చేవారు. కింద ఇంటి యజమాని ఒక్కడే ఉండేవాడు. భార్య పోయిన ముసలాయన. ఇంటి వెనక షెడ్డులో ఆయన కారు ఉండేది.

అది అప్పటికే పాతకాలపు కారు. లేత ఆకుపచ్చ రంగు. ముందు సీటు అరుగులాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. కొత్తగా కొన్న రోజు నుంచీ ముసలాయన తప్ప మరొకరు దాన్ని నడపలేదట. చూపు మందగించి డ్రైవింగ్ మానేశాక అది షెడ్డులోనే ఉండిపోయింది. ఇక్కడి చలికి తట్టుకోలేక అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నప్పుడు, దాన్ని మా ఆడపడుచుకి ఇచ్చేశాడు. బదులుగా ఒక్కటే అడిగాడు. తను వెళ్ళేలోపు ఒక్కసారి ఆ కారులో కూర్చుని నది ఒడ్డుకి వెళ్ళిరావాలి. ఆమె మాటిచ్చింది.

కారు కదలకుండా నిలబడిపోవడంతో ఇంజన్‌కి నీళ్ళు అందించే పంపు కారుతోంది. ఆమె కొత్త పంపు తెచ్చి తనే బిగించడం మొదలుపెట్టింది. సగంలో ఉండగా ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. మిగిలిన బోల్టులు బిగించమని అన్నగారికి చెప్పి వెళ్ళింది.

మా ఆయన పొలంలో ఆయిల్ ఇంజన్ పక్కన పెరిగిన మనిషి. దాని దడదడకి నట్లు ఊడి బురదలో పడేవి. అందుకని మా మామగారు స్పానర్‌కి పైపు తొడిగి, కొడుకుని ఆ పైపు పట్టుకుని వేలాడమనేవారట. ఇక్కడ పైపు లేదు కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? కిర్రుమనేదాకా బిగించి, ఆ పైన కూడా లాగారు. ఉన్నట్టుండి స్పానర్ తేలిగ్గా తిరగడం మొదలైంది. వెన్నలో వేలు తిప్పినట్టు. ఇంకో బోల్టు కూడా అంతే. బయటికి తీసి చూస్తే వాటి చుట్టూ వెండి తీగల్లాంటి పొట్టు అతుక్కుని ఉంది.

ఆమె డ్యూటీ నుంచి వచ్చి ఆ పొట్టు చూసింది.

“ఎంత బిగించావ్ అన్నయ్యా?”

“బిగించాల్సినంతే బిగించానే.”

“మన చేలో ఇంజన్‌కి బిగించినంతా?”

ఆయన బోల్టుని చేతిలో అటూ ఇటూ తిప్పారు.

“అది పోత ఇనుము కాబట్టి ఓర్చుకుంది. ఇది అల్యూమినియం. ఎక్కువ లాగితే రంధ్రంలో చెక్కిన మర మొత్తం ఒలుచుకుని వచ్చేస్తుంది.”

“ఊడిపోకూడదనేగా అంత కష్టపడ్డాను!”

“ఇంక ఊడే భయం లేదులే. పట్టుకుంటేగా ఊడటానికి!”

నవ్వుతూనే అంది కానీ ఆమె ముఖంలో నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. రంధ్రం లోపల మర లేకపోతే బోల్టు తిరుగుతుందే తప్ప పట్టదు. పంపు అంచుల్లోంచి నీళ్ళు పోతాయి, ఇంజన్ వేడెక్కి వీధి చివర ఆగిపోతుంది. ముసలాయన ప్రయాణం శనివారం. సామాను సర్దేసుకున్నాడు కూడా. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, ఇంజన్‌కి పంపు బిగించే ఆ ముందు భాగం మొత్తం మార్చాలి, అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు, కారుని పాత ఇనుముకి అమ్మేసుకోండి అన్నాడు. కింద వరండాలో కూర్చున్న ముసలాయనకి ఆమె ఆ చివరి మాట చెప్పలేదు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ నాకు తోచింది అన్నాను. “నా దుద్దు మర అరిగి జారిపోతుంటే మా అమ్మ శీలకి దారం చుట్టి బిగించేది. అలా చుడితే పట్టదంటావా?”

మా ఆయన పకపకా నవ్వారు. “కారుకి చెవిదుద్దు వైద్యమా?”

ఆమె నవ్వలేదు. కప్పు కింద పెట్టి, “వదిన చెప్పేది కరెక్టే అన్నయ్యా. రాత్రి నుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నా. కాకపోతే దారం ఉక్కుది కావాలి” అంది.

అలాంటి దారం నిజంగానే ఉందట. సాయంత్రం ఒక చిన్న పెట్టె తెచ్చింది. అందులో బాల్‌పెన్ను స్ప్రింగుల్లాంటి ఉక్కు తీగ చుట్టలు, వాటికి తగ్గ డ్రిల్లు బిట్టు, మర కోసే ట్యాపు. పాడైన రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్తగా మర కోసి, అందులోకి ఆ తీగ చుట్టను తిప్పుతూ దించాలి. దాని లోపల పాత బోల్టే పడుతుంది. పెట్టె మీద ఏం రాసుందో నాకు తెలియదు. నేను అక్షరాలు నేర్చుకున్నది చాలా ఏళ్ళ తరవాత. ఆమె అడిగినవి లావు చూసి గుర్తుపట్టి అందించేదాన్ని.

శుక్రవారం ఆమెకి సెలవు. రేడియేటర్ తీసేసి చోటు చేసుకుంది. ముసలాయన వచ్చి ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. డ్రిల్లు చేత్తో పట్టుకుని ఆమె నన్ను పిలిచింది.

“వదినా, నువ్వు ఇటు పక్కన నిలబడు. కుడికో ఎడమకో వంకరపోతే నాకు తెలుస్తుంది. పైకో కిందకో పోతే కనపడదు. అది నువ్వు చెప్పాలి.”

“నేనేం చెప్తానమ్మా, మీ అన్నయ్యని పిలువు.”

“అన్నయ్య చూడడు. సలహాలిస్తాడు.”

ఆపరేషన్ గదిలో కూడా ఎముకకి స్క్రూ వేసేటప్పుడు అలాగే ఒకరు పక్కనుంచి చూస్తారట. ఎంత నేర్పున్న చెయ్యయినా తన వంకర తను చూసుకోలేదని, అందుకే రెండో కన్ను పెట్టుకుంటామని చెప్పింది. నేను నిలబడ్డాను. “ముక్కు కొంచెం లేపు... చాలు, అదీ” అంటూ వచ్చాను. నేను అన్న ప్రతిసారీ ఎందుకని అడగకుండా సరిచేసుకునేది. నన్ను అంతగా నమ్మి పని చేసినవాళ్ళు నాకు అప్పటిదాకా తగల్లేదు.

మొదటి రంధ్రం బాగా వచ్చింది. ట్యాపు తిప్పేటప్పుడు సగం చుట్టు ముందుకి, కొంచెం వెనక్కి, మళ్ళీ ముందుకి తిప్పింది. జుట్టు చిక్కు తీసేటప్పుడు లాగకుండా వెనక్కొచ్చి మళ్ళీ దువ్వుతామే, అలా. తీగ చుట్ట దించాక దాని చివరనున్న చిన్న కొక్కెం విరగ్గొట్టి, సన్నటి పట్టకారుతో ముల్లు తీసినట్టు బయటికి తీసింది.

రెండో రంధ్రంలో డ్రిల్లు కొంచెం దిగగానే ఆపేసింది. టార్చి లైటు వేసి చాలాసేపు లోపలికి చూసింది.

“ఏమైంది?” అన్నారు మా ఆయన.

“ఇటువైపు గోడ పల్చగా ఉంది. అవతల నీళ్ళ దారి. పగిలిందంటే అతకడానికేం ఉండదు.”

ముసలాయనకి తెలుగు రాదు కానీ ఆమె గొంతు అర్థమైనట్టుంది. మోకాళ్ళ మీదున్న టోపీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆమె కరెంటు డ్రిల్లు కింద పెట్టేసింది. బిట్టు ఊడదీసి, చిన్న పిడికి బిగించి, చేత్తో తిప్పడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, ఆగడం, బిట్టుకి రాసిన గ్రీజుతో పాటు పొట్టు తుడవడం, మళ్ళీ ఒక చుట్టు. చలికి వేళ్ళు ఎర్రబడ్డాయి. మధ్యలో వేడినీళ్ళ గిన్నె తెచ్చిస్తే అందులో చేతులు పెట్టుకుని, తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం మాట ఎవరం ఎత్తలేదు. మా ఆయన కూడా సలహాలు మానేసి టార్చి పట్టుకుని నిలబడ్డారు. అంత ఓపిక చూశాక, ఈ అమ్మాయి చేతికింద పడుకునే రోగులు అదృష్టవంతులు అనుకున్నాను.

గోడ పగల్లేదు. రెండో తీగ కూడా దిగింది.

పంపు పెట్టి, పొట్టి స్పానర్ తీసుకుని రెండు వేళ్ళతో బిగించింది. మా ఆయన చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

“ఇంకొంచెం...”

“జేబులో పెట్టుకో అన్నయ్యా.”

“ఏది?”

“ఆ చెయ్యి!”

ముసలాయన అందరికంటే ముందు నవ్వాడు. ఏం అర్థమై నవ్వాడో తెలియదు.

రేడియేటర్ పెట్టి, నీళ్ళు పోసి, కింద వార్తాపత్రిక పరిచి ఇంజన్ స్టార్ట్ చేసింది. ముగ్గురం వంగి ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాం. ఇంజన్ వేడెక్కింది. కాగితం పొడిగానే ఉంది.

సాయంత్రం వెలుగుండగానే బయల్దేరాం. ముందు సీట్లో ఆమె పక్కన ముసలాయన, వెనక మేమిద్దరం. ఒడ్డున, అవతల మాన్‌హట్టన్ కనపడేచోట కారు నిలిపి, ఇంజన్ మాత్రం ఆపలేదు. ముసలాయన దిగి బానెట్ ఎత్తమన్నాడు. బాగుచేసిన బోల్టులేవో చూపించమన్నాడు. వాటి కింద వేలు పెట్టి, ఆ వేలు మాకు చూపించాడు. తడి లేదు. ఆమె ఏదో చెప్పింది. తరవాత నాకు తెలుగులో చెప్పింది, ఇప్పుడు మిగతా బోల్టుల కన్నా ఆ రెండే గట్టివని అన్నానని.

తిరిగి షెడ్డులోకి వచ్చాక ఆమె ఇంజన్ ఆపింది. వెనక మేమిద్దరం దిగాం. ముసలాయన దిగలేదు. ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ, అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి కూర్చున్నాడు. లోపల వేడి తగ్గుతున్న ఇనుము టిక్కు టిక్కుమంటోంది. మా ఆయన తలుపు తీయబోతే ఆమె కళ్ళతోనే వద్దంది. తను కూడా స్టీరింగ్ ముందు అలాగే కూర్చుంది. పొద్దున్నుంచి నిలబడి ఉన్న మనిషి, ఒళ్ళంతా గ్రీజు. అయినా కదల్లేదు, ముసలాయన తన చేత్తో తను తలుపు తీసుకునేదాకా.