తేనెరంగు దవడ

డెట్రాయిట్ దగ్గర, కారు విడిభాగాల నమూనాలు చేసే ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. తొట్టిలోని రెజిన్ ద్రవాన్ని లేజర్ కాంతి పొర పొరగా గట్టిపరుస్తూ పోతుంటే, లోపలి నుంచి ఒక డోర్ హ్యాండిలో, అద్దం చట్రమో మెల్లగా పైకి తేలేది. ఎన్నేళ్లు చూసినా నాకది కలలాగే ఉండేది.

ముప్పై నాలుగో ఏట నా ఎడమ దవడ వాచింది. పంటి నొప్పి అనుకున్నాను. క్యాన్సర్ కాదు గానీ ఎముకను తినేసే గడ్డ అని తేలింది. ఆ భాగం తీసేసి, కాలి ఎముక ముక్కతో దవడ కట్టాలన్నారు.

ఆపరేషన్‌కి వారం ముందు సర్జన్ నా చేతిలో ఒక నమూనా పెట్టారు. స్కాన్ చూసి, మా ల్యాబ్ పద్ధతిలోనే చేసిన నా దవడే అది. తేనెరంగులో, వెలుగు లోపలికి దూరేలా ఉంది.

"ఇలాంటిదే ఇంకొకటి మా దగ్గరుంది. కొత్త ఎముకను పట్టి ఉంచే టైటానియం ప్లేట్‌ని దానిమీద ముందే వంచి పెట్టుకుంటాం. ఇది మీరు తీసుకెళ్లండి" అన్నారావిడ ఇంగ్లీషులో.

అలవాటు కొద్దీ పొరల అంచులు తడిమాను. పని శుభ్రంగా చేశారు. గడ్డ ఉన్నచోట ఎముక గుడ్డు పెంకంత పలచగా తగిలింది. అప్పటిదాకా రాని భయం అప్పుడు వచ్చింది.

ఇంట్లో మా ఆరేళ్ల పాప దాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంది. బయట మంచు కురుస్తోంది.

"అమ్మా, ఇది నీ ఇన్‌సైడ్ ఉందా?"

"ఉంది. వచ్చే వారం కొంచెం మారుస్తారు."

"హర్ట్ అవుతుందా?"

"నిద్రపోతాను కదా, తెలీదు."

"దీనికి కోల్డ్‌గా ఉంది" అంటూ పాప తన స్కార్ఫ్ తెచ్చి చుట్టింది. మా ఆయన వంటింట్లోకి వెళ్లిపోయారు. కుళాయి నీళ్లు చాలాసేపు పారుతూనే ఉన్నాయి.

ఆపరేషన్‌కి పది గంటలు పట్టిందట. నాకు గుర్తున్నది తెల్లటి వెలుగు, ఎంతో దూరం నుంచి ఎవరో నా పేరు తప్పుగా పలుకుతూ పిలవడం. తర్వాత కొన్నాళ్లు మాట లేదు, కాగితం మీద రాసేదాన్ని. అద్దం కావాలని రాస్తే మా ఆయన "రేపు చూద్దువుగానిలే" అనేవారు. నాలుగో రోజు నర్సు తెచ్చిచ్చింది. అంత వాపులోనూ గడ్డం వంపు నాదే. గుర్తుపట్టి ఏడ్చాను.

మంచు కరిగేసరికి కర్ర లేకుండా నడిచాను. కింది పెదవికి ఎడమవైపు స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. మొదటిసారి పెరుగన్నం తింటుంటే ఒక పక్క చల్లగా, రెండో పక్క ఏమీ లేనట్టుగా అనిపించింది. మెతుకు గడ్డం మీదికి జారినా తెలియలేదు. మా ఆయన చేయి చాచి తుడిచారు.

"ఇంకొంచెం పెట్టనా?"

"పెట్టండి" అన్నాను. మాట కాస్త ముద్దగానే వచ్చింది, కానీ వచ్చింది.