పరాష్కాల వరస

భూషణం పెళ్లాం రేణుక మద్దేడుకు కాపురానికి వచ్చి ఏడాది దాటింది. ఇన్నాళ్లలో ఆమెను ఎగతాళి చేసినవాళ్లు ఒక్కరూ లేరు. అదే ఆమె దిగులు.

వినేవాళ్లకు వింతే గానీ, ఈ సరిహద్దు పల్లెల్లో పరాష్కమాడటమంటే ఉత్త నోటిదూల కాదు. వదినా మరదళ్లకూ బావా మరదళ్లకూ ఉన్న హక్కది. వరస లేనివాళ్లు ఆడితే పంచాయితీ అవుతుంది. వరస ఉండీ ఆడకపోతే అలిగారని లెక్క. భూషణానికా, తోబుట్టువులు లేరు, పెదనాన్న చిన్నాన్నల పిల్లలూ లేరు. ఇక రేణుకను పరాష్కమాడే నోరేది? బోరింగు దగ్గర ఆడవాళ్లు ఒకరి చీరకట్టును మరొకరు తెలుగులో కొంత, అక్కడి కోయల మాట దోర్లీలో కొంత ఏకిపారేసి నవ్వుకునేవారు. రేణుక బిందెతో వస్తే మర్యాదగా జరిగి చోటిచ్చేవారు. ఆ మర్యాదే ఆమెకు ముల్లయింది. చర్లలో మా అమ్మవాళ్ల దగ్గరికే పోదాం, కూలి అక్కడా దొరుకుతుందని మొగుడితో అనేసింది. ఇప్పపువ్వు ఏరడం అయిపోనీ అన్నాడు భూషణం.

ఆ తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద, పూలు ఏరుకోవడానికని ఆకులు కాల్చిన నేల నల్లగా ఉంది. దాని మీద పూలు ఒక్కొక్కటే మెత్తగా రాలుతున్నాయి. ఆ తియ్యటి వాసనకు రేణుక కళ్లు బరువెక్కాయి. గంప పక్కన పెట్టి చెట్టు మొదలుకు ఒరిగింది. కలో, మెలకువో. అమ్మ వాకిట్లో ఎవరో నవ్వుతున్నారు. జుట్టు మీద, ఒళ్లో పూలు పడుతున్నాయి.

"ఏందే మరదలా, ఇప్పచెట్టును మా తమ్ముడనుకున్నవా, గట్ల ఒరిగినవు?"

కళ్లు తెరిస్తే పక్క చెట్టు కింద ఏరుతున్న సోమక్క, వాడకు పెద్దదిక్కు, నడుమున గంపతో నిలబడి ఉంది. భూషణం ఏ దారిన ఆమెకు తమ్ముడయ్యాడో ఎవరూ అడగలేదు. అందరూ ఏరడం ఆపి రేణుక నోటికేసి చూస్తున్నారు. పరాష్కానికి పరాష్కం తిరిగి రాకపోతే ఆ వరస నిలవదు.

రేణుక లేచి సోమక్క గంపలోకి తొంగిచూసింది.

"నీ గంపల పువ్వుల కన్న ఆకులే ఎక్కువున్నయి వదినా. మా ఆయనకు కండ్లు ఆనని అక్క దొరికింది."

 సోమక్క నవ్వు లేచి చెట్టు నుంచి చెట్టుకు పాకింది. ఏరేవాళ్లలో తెలుగు సరిగా రాని ఆయతి, రేణుక ఏమందో దోర్లీలో చెప్పించుకుని అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది.

సాయంత్రం భూషణమే చర్ల మాట ఎత్తాడు. రేణుక జడలో చిక్కుకున్న పువ్వు తీసి వాసన చూసుకుంటూ అన్నది కదా:

"పోతే మీ అక్క నన్ను బతకనిస్తదా?"