చీటీ వెనక పేరు

గొడుగులు బాగుచేసేవాడు తిరక్కపోతే బతికేదెలా? విరిగిన గొడుగును పనిగట్టుకుని దుకాణానికి మోసుకొచ్చే మహానుభావులు ఎంతమంది ఉంటారు? తలుపు వెనక పడేసి మరిచిపోతారు. వీధిలో కేక వినబడితేనే అది గుర్తొస్తుంది. అందుకే మన గొడుగులాయన ముప్పై ఏళ్లుగా భుజాన పచ్చ సంచీ వేసుకుని, సోమవారం రైలుకట్ట అవతలి వీధులు, మంగళవారం ఆసుపత్రి వెనక సందులు, ఇలా వరస తప్పకుండా తిరుగుతున్నాడు. ఏ మెట్లకింద ఊచ విరిగిన గొడుగుందో, ఏ ఇంట్లో పిడి ఊడిందో ఆయనకు కంఠతా వచ్చు.

ఇంత కష్టపడినా తండ్రి పోయేదాకా ఆయన్ని దేశదిమ్మరి అనే పిలిచాడు. కంచం ముందు కూర్చున్నా వదిలేవాడు కాదు. అలాంటప్పుడల్లా అన్న తరఫున నోరు చేసుకున్నది చెల్లెలొక్కతే.

"అన్నయ్య తిరగడం లేదు నాన్నా, పనికి వెళ్తున్నాడు" అని పన్నెండేళ్ల పిల్ల అన్న మాట ఆయన మనసులో అలాగే ఉండిపోయింది.

ఆ చెల్లెలు చదువుకుని, పిల్లల కోసం ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేసే ఆఫీసులో కుదురుకుంది. అక్కడ మాటకో చీటీ. ముందువైపు మాట, అర్థం, వాడుక చూపే వాక్యం. ఆ వాక్యం కుర్చీలో కూర్చుని కల్పించింది కాకూడదు, ఎవరో ఒకరు నిజంగా అన్నదై ఉండాలి. అన్నదెవరో చీటీ వెనక రాయాలి. ఆ నియమం పెట్టింది ఆవిడే. ప్రతి ఆదివారం అన్నను తన ఇంట్లో కూర్చోబెట్టి వీధుల కబుర్లు చెప్పించుకునేది. కారడం, చిరగడం, బేరమాడడం, వీటన్నిటికీ ఆయన మాటలే ఆవిడ చీటీలు దాచే చెప్పుల డబ్బాల్లో చేరాయి.

ఒక ఆదివారం వాండర్ అనే మాట వచ్చింది. తిరగడం అని ఆవిడ చెప్పగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు. ఇది నా మాటన్నాడు. మిగతావి ఎవరికిచ్చినా సరే, దీనికి మాత్రం తను చెప్పిందే పడాలన్నాడు. వారం రోజులు ఆలోచించి వచ్చి చెప్పాడు: "గొడుగులాయన ఊరంతా తిరుగుతాడు కాబట్టే జనం వానలో తడవకుండా ఉన్నారు."

ఆవిడ నవ్వి, రాసుకుని, తప్పకుండా వేస్తానంది. ఆ మాట పట్టుకుని ఆయన రెండేళ్లు ఎదురుచూశాడు. దేశదిమ్మరి అన్న మచ్చ అచ్చులో చెరిగిపోతుందని ఆశ. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ పుస్తకం వస్తోందనీ, అందులో తన పని ఉంటుందనీ చెప్పుకుని మురిసిపోయాడు.

పుస్తకం వచ్చింది. ఆసుపత్రి వెనక సందులో దర్జీ ఆవిడ అందరికంటే ముందు కొంది. ఆయన వెళ్లేసరికి ఆ పేజీ తెరిచి, చేతికిచ్చి, మిషను వైపు తిరిగిపోయింది. ఆయన ఇంగ్లీషు వదిలేసి కింద ఉన్న అర్థం చదువుకున్నాడు. గమ్యం లేకుండా తిరుగు. దాని పక్కనే వాక్యం: పచ్చ సంచీ మనిషి పనీపాటా లేకుండా ఊరంతా తిరుగుతూ ఉంటాడు.

ఆఫీసులో ఎవడో మార్చేసి ఉంటాడు, వాడిని కడిగెయ్యాలి అనుకుంటూ అక్కడే ఉన్న చెల్లెలి గదికి వెళ్లాడు. ఆవిడ తలెత్తలేదు. ఆ మాటకు గమ్యం లేకపోవడమే ప్రాణమనీ, ఆయన చెప్పింది పనికి వెళ్లడం కిందికి వస్తుందనీ, పిల్లలకు తప్పు నేర్పకూడదనీ గబగబా చెప్పుకుపోయింది. అదీ నిజమే. ఆమాత్రం ఆయనకూ అర్థమైంది. తన వాక్యం పోతే పోనీ, మరి ఈ వాక్యం ఎవరన్నారని అడిగాడు. ఆవిడ చూపు చివరి డబ్బా మీదికి పోయింది. ఆయనే లేచి, అందులో వెతికి, చీటీ తిరగేశాడు.

వెనక చెల్లెలి దస్తూరీ. అన్నది: నేను. ఎక్కడ: భోజనాల దగ్గర, మా ఆయనతో.

తండ్రి అన్నదేదో ముఖం మీదే అన్నాడు. ఇది మాత్రం ఆదివారం పొద్దంతా కబుర్లు చెప్పించుకుని, తను మెట్లు దిగాక అన్న మాట. ఇన్నేళ్లూ నమ్మి మోసపోయానని ఆయనకు ఏడుపొచ్చింది.

"నియమం పెట్టింది నేనే కదా అన్నయ్యా, చీటీ మీద అబద్ధం రాయలేకపోయాను" అంది చివరికి.

"నాతో మాత్రం ఆడగలిగావమ్మా" అన్నాడాయన.

గుమ్మం పక్కన ఆవిడ గొడుగు ఆరబెట్టి ఉంది. దాని ఊచ ఒకటి విరిగి గుడ్డలోంచి పొడుచుకొచ్చింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన విరిగిన గొడుగును చూసి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.