రత్నం ఎడమ కన్ను

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నదాన్ని, అందులో కూడా దీన్ని దాటేసి, చదివిన పుస్తకాల గురించీ పట్టిన ముసురు గురించీ రాసుకున్నాను. కొన్నేళ్లుగా లోపల మోస్తున్నాను. బరువంటే ఒకచోట ఉండాలి కదా. ఇది చెప్పులో దూరిన రాయిలా నడిచినప్పుడల్లా చోటు మారుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆమె అసలు పేరు రాయను. రత్నం అందాం. గాజువాకలో డిగ్రీ చదివేటప్పుడు నా పక్కన కూర్చునేది. వాళ్ల నాన్న హార్బరు నుంచి బోటు మీద చేపల వేటకు వెళతారు. మా నాన్నకు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం, మాకు ఉక్కునగరంలో క్వార్టరు. మా సెక్టారు దగ్గరి గ్రౌండులో విలువిద్య నేర్పుతున్నారని తెలిసి ఇద్దరం చేరాం. నేను ఒక్కదాన్నే అయితే చేరేదాన్ని కాదు. నలుగురి ముందు చెయ్యెత్తడానికే నాకు సిగ్గు.

మొదట కోచ్ గారి వెదురు విల్లులతో నేర్చుకున్నాం. అప్పుడు అందరి బాణాలూ తలో దిక్కుకీ పోయేవి. తర్వాత ఆయన, సరదా ఉన్నవాళ్లు కాంపౌండ్ విల్లు కొనుక్కోమన్నారు. రెండు చివర్లా చక్రాలుండే విల్లు. మా ఇంట్లో అడిగితే అమ్మ నవ్వేసి ఊరుకుంది. రత్నం వాళ్ల నాన్న ఒప్పుకున్నారు. నా మొహం చూసి రత్నం, "నాది కొంటే నీదీ కొన్నట్టేనే. ఇద్దరం ఎయ్యొచ్చు" అంది.

విల్లు ఎంచే పని నాకు అప్పగించారు. చదివే పిల్లనని. నిజంగానే దొరికినదంతా చదివాను. రత్నాన్ని గోడకు ఆనించి, చేతులు బార్లా చాపించి, వేలి కొస నుంచి వేలి కొసకు కొలిచాను. దాన్నిబట్టి నారి ఎంత వెనక్కి లాగాలో తెలుస్తుంది. మా ఇద్దరి కొలతా దాదాపు ఒకటే. కుర్చీలో కూర్చుని, విల్లు పైకెత్తకుండా, పళ్లు బిగించకుండా లాగగలిగినంత బరువే మొదటి విల్లుకు చాలని చెప్పాను. బాణం పొట్టిదైతే జారి చేతిలో గుచ్చుకుంటుందని ఒక పిసరు పొడుగు పెట్టించాను. ఇవన్నీ సరిగ్గానే చేశాను. ఇలా చెప్పుకోవడం కూడా తప్పించుకోవడమేనా?

మిగిలింది కన్ను. మనకు రెండు కళ్లున్నా గురి చూసేటప్పుడు ఒకటే పెత్తనం చేస్తుంది. అది కుడిదైతే కుడివాటం విల్లు, ఎడమదైతే ఎడమవాటం విల్లు. ఒకసారి కొన్నాక వాటం మార్చడానికి వీల్లేదు. కన్ను తెలుసుకోవడం తేలికే. రెండు అరచేతులూ ముందుకు చాపి, వాటి మధ్య చిన్న సందు చేసి, అందులోంచి ఎదుటి మనిషి ముక్కును చూడాలి. ఎదుటి మనిషికి ఆ సందులో ఏ కన్ను కనిపిస్తే అదే.

ఎదుటి మనిషిని నేనే. సందులో నాకు కనిపించింది రత్నం ఎడమ కన్ను. కాటుక కొద్దిగా చెదిరి ఉంది. రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది.

నాది కుడి కన్ను. ఎడమవాటం విల్లు కొంటే నేను ముట్టుకోవడానికి కూడా ఉండదు.

"ఏటే అలగ సూత్తన్నావు. సెప్పు బేగి, సేతులు లాగెత్తన్నాయి."

"కుడి" అన్నాను.

"నీదో?"

"నాదీ కుడే."

"మంచిదే. ఒక్క విల్లు సాల్తాది మనకి" అని చేతులు దించేసింది.

ఎడమవాటం విల్లు తెప్పించాలంటే ఆలస్యమవుతుందని, అందుకే అలా చెప్పానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఆలస్యం సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నా కళ్లముందు మెదిలింది నా చెయ్యి మాత్రమే. ఆ విల్లు పట్టుకుని ఉన్న నా చెయ్యి.

విల్లు వచ్చిన రోజు వాళ్ల నాన్న గ్రౌండుకు వచ్చారు. "వలైతే నాను సెప్పగల్ను. దీని సంగతి నాకేటి తెలుసమ్మా. అంతా సూసే ఎంచేవు గదా" అన్నారు. తలూపాను. కోచ్ గారు కూడా, కన్ను చూశారా అని అడిగారు. చూశామండీ, కుడి అన్నాను. ఆయన పక్క పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. నోరు తెరవడానికి అది రెండో అవకాశం. నా సిగ్గు ఎప్పుడూ నోరు మూయిస్తుంది. మరి అబద్ధానికి అడ్డం రాలేదేం?

తర్వాత ఏమైందో మీరు ఊహించే ఉంటారు. రత్నం బాణాలు ఎడమకు పోయేవి. గురిచూసే పిన్ను సరిచేసేవారు. ఒక వారం నిలిచి మళ్లీ పోయేవి. మెడ తిప్పేది, ఎడమ కన్ను మూసుకునేది, కాసేపటికి తలనొప్పని కూలబడేది. ఒకసారి బాణం పక్కవాళ్ల బోర్డుకు దిగితే, "ఓలమ్మ, అది పక్కింటోల్దే, మనది కాదు" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను. అదే విల్లుతో నా బాణాలు మధ్యలో పడేవి. విల్లులో లోపం లేదని దాంతో తేలిపోయింది. నేను గురి తప్పకుండా వేసిన ప్రతి బాణం ఆమె మీద సాక్ష్యమే.

కోచ్ గారు ఏకాగ్రత లేదన్నారు. ఇంట్లో వాళ్ల నాన్న, అడిగింది కొనిపెట్టినా మనసు పెట్టలేదని మాటలు మానేశారు. జిల్లా జట్టులో నా పేరు వచ్చింది. రత్నం రావడం మానేసింది. మానేసేముందు విల్లు మా ఇంటికి తెచ్చి, నా మంచం మీద పెట్టి వెళ్లింది. ఆ రోజైనా చెప్పాల్సింది. టీ ఇచ్చాను.

ఇప్పుడు ఆమె సీతమ్మధారలో ఒక బట్టల షాపులో బిల్లులు కొడుతోంది. నేను ఇంకా గ్రౌండుకు వెళుతూనే ఉన్నాను. మానేస్తే ఆమె పోగొట్టుకున్నది తిరిగొస్తుందా అని నన్ను నేనే అడుగుతుంటాను. అది సాకని నాకు తెలుసు. వెళ్లేది ఇష్టమై.

ఎడమ. రత్నానిది ఎడమ కన్ను. ఈ మాట రాసేశాను, అంతే. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు.

ఈ వేళ ఇది రాయడానికి కారణం, మొన్న వచ్చిన ఫోను. రత్నం చాలాసేపు షాపు కబుర్లు చెప్పింది. పెట్టేసే ముందు చివరగా ఇలా అంది:

"ఆదివారం ఓపాలి మా ఇంటికి రాయే. మా సెల్లి కూడా నేర్సుకుంతానంతంది. దానిది ఏ కన్నో నువ్వే సూసి సెప్పాల, ఇంకెవులు సెప్పినా మా నాన్న నమ్మడు. నాలాగ మనసు నిలపకపోతే మాత్రం మొగమాట పడకు, రెండు తగిలించు."