కాగితం అడుగున అక్క పేరు

కొలతలాయనకి ఆ పేరు వీధి పెట్టింది. సూదిలో దారం ఎక్కించడం చేతకాని మనిషి దర్జీల కోసం కంప్యూటర్ ప్రోగ్రాం రాశాడంటే నవ్వరూ మరి! భుజం, నడుము, పొడవు కొలతలిస్తే గుడ్డ ఏ గీత మీద కత్తిరించాలో కాగితం మీద అచ్చేసి ఇస్తుందది. అక్క దర్జీ కొట్టు వెనక గదిలో, ఇస్త్రీ ఆవిరిలో కూర్చుని నాలుగేళ్లు ఒక్కడే రాశాడు. చంక దగ్గర వంపు అంతుపట్టకపోతే అక్కే పాత చొక్కాలు విప్పి నేర్పింది.

ప్రతి కాగితం అడుగునా అతని ఫోన్ నంబరూ, కొన్నవాళ్ల పేరూ పడతాయి. తమ పేరు పడటం దర్జీలకి అదో ముచ్చట. తొలి కాపీ అక్క పేరు మీద ఊరికే ఇచ్చాడు.

ఏడాది బాగానే నడిచింది. ఆ తర్వాత కొనేవాళ్లు పోయి ఫోన్లు చేసేవాళ్లు మిగిలారు. చొక్కా చెయ్యి కురచవుతోందని ముక్కూ మొహం తెలియని వాళ్లు పొద్దస్తమానం ప్రాణం తీసేవారు. అమ్మకం మొదలుపెట్టకముందే ఆ తప్పు దిద్దేశాడు, అంటే వీళ్లవి దొంగ కాపీలు. పైగా దబాయింపొకటి! ఒళ్లు మండేది. అయినా గుడ్డ పాడైతే నష్టపోయేది ఎవరో పాపం అని, ఓపిగ్గా చెప్పేవాడు.

ఏడాది చివరికి పదిమందైనా కొనకపోతే ఉద్యోగం చూసుకోవాలని భార్య గట్టిగా చెప్పేసింది. సరేనన్నాడు.

ఆ వారమే ఒకావిడ, తప్పొచ్చిన కాగితాన్ని ఫొటో తీసి పంపింది. అడుగున అక్క పేరు. అనుమానమొచ్చి ఫోన్ చేసినవాళ్లందరినీ ఫొటోలు అడిగాడు. అన్నిటి అడుగునా అక్క పేరే.

తన దగ్గర పని నేర్చుకుని వెళ్లేవాళ్లకి కత్తెర ఇచ్చి పంపడం అక్క అలవాటు. ఈమధ్య కత్తెరతో పాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా ఇస్తోంది. అడిగితే దాచలేదు, మిషను ఆపి నవ్వింది.

"మా తమ్ముడు రాశాడని చెప్పి మరీ ఇస్తున్నానురా. నీ గొప్ప నలుగురికీ తెలియొద్దూ?"

అతనికి బాధేసింది. కానీ ఆ మొహం చూస్తూ ఏమని తిట్టగలడు?

ఏడాది చివరికి ముగ్గురు కొన్నారు. ఫోన్ నంబరు తీసేసి, బట్టల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగంలో చేరాడు.

మొదటిరోజే సూపర్‌వైజర్ అతన్ని కటింగు గదికి తీసుకెళ్లి ఒక కాగితం చేతిలో పెట్టాడు.

"దీంట్లో చెయ్యి కురచ వస్తోందండీ. రాసినావిడ పేరు అడుగునే ఉంది చూడండి. ఇదివరకు ఆవిడ మనిషెవరో ఫోనెత్తి చెప్పేవాడు, ఇప్పుడు నంబరే పనిచెయ్యట్లేదు."

మర్నాడు కొలతలాయన తప్పు దిద్దిన కాపీ ఇంటి నుంచి తెచ్చి ఎక్కించాడు. అడుగున అక్క పేరు మార్చబోయి మానేశాడు. కొత్త కాగితం సరిగ్గా వచ్చింది. సూపర్‌వైజర్ తెల్లబోయి, ఆవిడ మీకు తెలుసా అని అడిగాడు.

"మా అక్క."

"అదీ సంగతి! అయితే మీకు పని నేర్పింది ఆవిడేనన్నమాట."

కొలతలాయన అవునన్నాడు.