మంచు మీద తెల్ల కోటు
ఇరవై ఏళ్ల కిందట నేను మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్లింది జీన్స్ ప్యాంటు, ఉన్ని స్వెట్టరు, మంకీ క్యాపుతో. పడ్డప్పుడల్లా జీన్స్ తడిసి అట్టలా బిగుసుకుపోయేది. ఇప్పటివాళ్లు మంచు మీద నిలబడటం రాకముందే ఫొటోలకు నప్పే బట్టలు కొంటున్నారు. మా అమ్మాయి తనకు అన్నీ తెల్లవే కొనిపించింది.

ఈ పరాయి దేశంలో మేముండే సెంగ్‌కాంగ్ వచ్చే రైల్లో అది కొత్త తెల్ల కోటు సంచిలోంచి తీసి మురిసిపోతుంటే, ఎదుటి సీట్లో షిప్‌యార్డు యూనిఫాంలో ఉన్న మనిషి శ్రీకాకుళం యాసలో పలకరించాడు.

"పాప మంచులో ఏసుకోడానికా అమ్మా?"

"అవునండీ, స్కీయింగ్ నేర్చుకుంటుందట."

"వైట్ ఈజ్ నైస్ లా, అంకుల్," అంది మా అమ్మాయి, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో.

అతను నవ్వలేదు.

"ఇక్కడికి రాకముందు ఆర్మీలో చేశానమ్మా. మంచుకొండల్లో మాకూ తెల్లవే ఇచ్చీవోరు, శత్రువుకి కనబడకండా. ఓ రోజు మావోడొకడు జారిపోయాడు. మూడు గంటలు ఆడి చుట్టూనే తిరిగాం. నా కాలికి తగిలీదాకా కనబడలేదు. అప్పటికే అయిపోయాడు."

అతను చెయ్యి చాపి కోటు అడిగి తీసుకున్నాడు. దాని చేతులు లోపలికి మడిచి, అంచుకు అంచు కలిపి, చిన్న చదరంలా చేసి నా ఒళ్లో పెట్టాడు. తర్వాతి స్టేషన్‌లో దిగిపోయాడు.

ఆ మడత విప్పకుండానే ఇంటికి చేరాం. ఎప్పుడూ నాకు ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, నేను తలుపు తాళం తీస్తుంటే నెమ్మదిగా తెలుగులో అడిగింది.

"అమ్మా, షాపులో ఎర్రది ఉంటుందా?"