ఆకుపచ్చ పెన్ను

మా ఎంపీగారి ఆఫీసులో నాతో పనిచేసిన ఏలూరు అమ్మాయి గురించి అసూయ లేకుండా రాయాలని కూర్చున్నాను.

ఓటింగ్ ఉన్న రోజు నేను బిల్లు మీద పేజీలకు పేజీలు నోట్ రాసిచ్చేవాణ్ణి. ఆమె ఆయన జేబులో ఒక పెన్ను పెట్టేది. ఆకుపచ్చదైతే ‘అవును’ బటన్, ఎర్రదైతే ‘కాదు’. ఆయన ఓటు ఎప్పుడూ తప్పలేదు. పత్రికలు ఆయన అధ్యయనాన్ని మెచ్చుకున్నాయి. నేనూ మెచ్చుకున్నాను, కాస్త తక్కువగా.

ఆమె నోయిడాలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఇక ఆయనకు నేనే దిక్కనుకున్నాను. మొన్న ఓటింగ్‌కు ముందు నా నోట్ అందుకుని జేబు తడుముకున్నారు.

"నోట్ బ్రహ్మాండంగా ఉందయ్యా. పెన్నేది?"

"ఏ బటన్ నొక్కాలో చివరి పేజీలో రాశాను సార్."

"అచ్ఛా. ముందు అమ్మాయికి ఫోన్ చెయ్యి."

చేశాను.

"పెన్నులు మీ డ్రాయర్లోనే పెట్టొచ్చానన్నా," అంది. "ఇవాళ ఆకుపచ్చది."